పాద్రీ చేతిలో ఇత్తడి పళ్ళెం

ఫకుందో గుర్రం ఒంటరిగా ఇంటికొచ్చింది. జీను ఒక పక్కకి జారిపోయి ఉంది, పగ్గం నేలమీద ఈడ్చుకుంటోంది, జూలులో మంచు గడ్డకట్టి ఉంది. అది తిన్నగా కొట్టం దగ్గరికి వచ్చి, గడ్డి ఏదీ అన్నట్టు నిలబడింది. ముందుగా చూసింది ఫకుందో భార్య రూపెర్తా. చూసి అరవలేదు, ఏడవలేదు. గుర్రాన్ని కట్టేసి, గడ్డి వేసి, రోడ్డు దాటి ఆడపడుచు లిబ్రాదా ఇంటికి నడిచి వెళ్ళింది. వాకిట్లోనే నిలబడి ఒక్క మాట అంది.

"నీ పెయ్య కోసమే పోయాడు వదినా."

అంతే. ఆ తర్వాత లిబ్రాదాతో మాట్లాడడం మానేసింది.

ఆ మాటలో అబద్ధం లేదు, లిబ్రాదా బాధంతా అదే. వాళ్ళ ఊరు లా గార్సాలో ఎండాకాలం పశువుల్ని కొండమీదికి తోలుతారు, మొదటి మంచు పడకముందే దించుకొస్తారు. ఆ ఏడు ఊళ్ళో అందరి పశువులూ దిగాయి గానీ లిబ్రాదా ఎర్ర పెయ్య ఒక్కటే దిగలేదు. వెళ్ళి వెతకమని తమ్ముణ్ణి వారమంతా పోరుపెట్టింది. మబ్బు పట్టేట్టుంది, కాస్త ఆగుదామక్కా అన్నాడు ఫకుందో. నీకేం, నీవి దిగాయిగా, నా దాన్ని ఎలుగుబంటి తిన్నా నీకు పట్టదు అంది లిబ్రాదా. నవ్వుతూనే అంది, కానీ అంది. ఫకుందో గుర్రమెక్కాడు. అరవయ్యో పడిలో పడినా అక్క మాటకి ఎదురు చెప్పడం వాడికి చేతకాదు.

వాడు వెళ్ళిన సాయంత్రమే కొండమీద మంచు పడింది. దాని వెనకే పొగమంచు దిగి, కొండకి దుప్పటి కప్పేసినట్టు కూర్చుంది. కౌంటీ నుంచి గాలింపు వాళ్ళు వచ్చారు. ఊళ్ళో మగవాళ్ళూ వాళ్ళతో కలిసి గుర్రం అడుగుల జాడ పట్టుకుని కొంత దూరం వెళ్ళి, జాడ మంచులో కలిసిపోతే వెనక్కి తిరిగారు. హెలికాప్టరు వచ్చింది, కింద ఏమీ కనపడక అదీ వెళ్ళిపోయింది. మబ్బు విడిస్తేగానీ ఏమీ చెయ్యలేమన్నారు. చెయ్యలేం అన్న మాట వింటే లిబ్రాదాకి మొదటినుంచీ ఒళ్ళుమంట.

ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. కొండ మలుపుల్లో, ఐసు పేరుకున్న రోడ్డుమీద, నలభై మంది పిల్లకాయల గోల నెత్తిన పెట్టుకుని ఇరవై ఏళ్ళకు పైగా నడుపుతోంది. ఆవిడ వెనక్కి తిరిగి చూస్తే చాలు, బస్సులో చీమ చిటుక్కుమనదు. అలాంటి మనిషిని చేతులు కట్టుకుని కూర్చోమంటే కూర్చుంటుందా? మనుషుల వల్ల కానప్పుడు అడగాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళని ఎలా అడగాలో ఆవిడకి నాయనమ్మ నేర్పింది.

లా గార్సాలో ఏ ఇంట్లో ఏ వస్తువు పోయినా పునీత అంతోనివారి విగ్రహం దగ్గరికి వెళతారు. వెళ్ళి దణ్ణం పెట్టి ఊరుకోరు. ఆయన చేతుల్లో ఉన్న బాలయేసుని ఊడదీసి దాచేస్తారు. పోయింది దొరికాక పిల్లాణ్ణి తిరిగి ఇస్తామని ఆయన మొహం మీదే చెబుతారు. లిబ్రాదా ఇంట్లో ఉన్న కొయ్య అంతోనివారి చేతిలోంచి బాలయేసుని ఎన్నిసార్లు లాగారో, చెయ్యి విరిగి జిగురుతో అతికించి ఉంది. తాళంచెవుల దగ్గర్నుంచి పెళ్ళికొడుకుల దాకా ఆయన వెతికిపెట్టనిది లేదు.

గుర్రం వచ్చిన రోజే లిబ్రాదా బాలయేసుని తీసి గోధుమపిండి డబ్బాలో పెట్టి మూత బిగించింది. మర్నాటికీ ఫకుందో రాలేదు. అంతోనివారు వస్తువులకి మంచివాడే గానీ కొండమీద తప్పిపోయిన మనిషి ఆయన వల్ల కాదేమో అని ఆవిడకి అనుమానం వచ్చింది. అప్పుడు గుర్తొచ్చారు పాద్రీలు.

ఊరి బయట, హైవే కొండ వైపు తిరిగే మలుపులో ఉంటారు వాళ్ళు. ఇద్దరు కంచు పాద్రీలు, ఒక కంచు కంచరగాడిద. రెండొందల యాభై ఏళ్ళ కిందట ఎక్కడో సముద్రం దగ్గరికి దారి కనిపెడదామని బయల్దేరి, ఈ లోయ మీదుగా పోయి, దారి తప్పి, మంచులో చిక్కుకుని, తిండి లేక తమ గుర్రాల్నే కోసుకు తిని, చివరికి బతికి బట్టకట్టి ఇంటికి తిరిగొచ్చారని కింద రాతిమీద చెక్కి ఉంది. చేరాల్సిన చోటికి చేరని వాళ్ళకి విగ్రహాలేమిటని పై ఊరి వాళ్ళు ఎకసెక్కెం చేస్తారు. లా గార్సా వాళ్ళకి అదే నచ్చింది. ఎక్కడికో చేరడం ఎవడైనా చేస్తాడు, తిరిగి రావడం కదా గొప్ప అంటారు. పటాలంలోకి పోయే కుర్రాళ్ళనీ, చమురు బావుల్లో పనికి పోయే మొగుళ్ళనీ ముందు అక్కడ ఆపి, గాడిద ముక్కు తాకించి మరీ పంపుతారు. తాకీ తాకీ ఆ ముక్కు బంగారంలా మెరుస్తూ ఉంటుంది. మిగతా విగ్రహమంతా నల్లగా, మసి పట్టిన కుండలా ఉంటుంది.

ముందు నిలబడ్డ పాద్రీ కొండకేసి వేలు చూపిస్తుంటాడు. రెండో ఆయన చెయ్యి పైకెత్తి, గుండ్రటి ఇత్తడి సామాను ఒకటి కొండ వైపు తిప్పి పట్టుకుని ఉంటాడు. సూర్యుణ్ణీ చుక్కల్నీ చూసి ఎక్కడున్నామో లెక్కగట్టే సామాను అట అది. ఊళ్ళో దాన్ని పళ్ళెం అంటారు. అంత ఎత్తున ఎవరి చెయ్యీ అందదు కాబట్టి అది పచ్చగా చిలుం పట్టిపోయింది.

లిబ్రాదా ముందు చర్చికి వెళ్ళి, పాద్రీల పేరున ప్రార్థన పెట్టించమని ఫాదరుని అడిగింది. ఆయన కొత్తవాడు, నైజీరియా నుంచి వచ్చినవాడు, మెత్తని మనిషి. ఫకుందో కోసం రోజూ ప్రార్థిస్తున్నాననీ, కానీ ఆ ఇద్దరూ పునీతులు కారు కాబట్టి వాళ్ళ పేరున పెట్టడం కుదరదనీ నచ్చచెప్పాడు.

"కాకపోతేనే నయం ఫాదర్," అంది లిబ్రాదా. "పునీతులకి ఊపిరాడనంత పని. వీళ్ళని అడిగేవాళ్ళెవరూ లేరు, తీరిగ్గా ఉంటారు."

ఆ మధ్యాహ్నమే పిల్లల్ని దింపేశాక మొగుడి పికప్ బండి తీసుకుని మలుపు దగ్గరికి వెళ్ళింది. బండి వెనక తొట్టెలో నిచ్చెన వేసి ఎక్కి, పాద్రీ మొహంలో మొహం పెట్టి చెప్పాల్సింది చెప్పింది. నా తమ్ముడు ఆ కొండమీద ఉన్నాడు, మీకు తెలిసిన కొండే, మీరు తప్పిన దారే. వాణ్ణి నాకు తెచ్చివ్వండి, మీ పళ్ళెం మీకిస్తాను. చెప్పి, రెంచీతో బోల్టు విప్పింది. తుప్పు పట్టిన బోల్టు ఒక పట్టాన రాలేదు. వచ్చినప్పుడు వాషరు ఎగిరి ఎక్కడో పడింది. రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. లిబ్రాదా వాడికి చెయ్యి ఊపింది.

మర్నాడు ఊరి కొట్లో ఇదే చర్చ. పట్నం దొంగలు, ఇత్తడి కోసం దేవుడి మనుషుల్ని కూడా వదలట్లేదు అన్నారు. వాళ్ళ చేతులు పడిపోను అని అందరికంటే గట్టిగా తిట్టింది లిబ్రాదా. తిట్టి, గాలింపు వాళ్ళ కోసం కాఫీ పొడి కొనుక్కుని ఇంటికొచ్చింది.

కానీ మబ్బు విడవలేదు. ఫకుందో రాలేదు. గాలింపు వాళ్ళ మాటల్లో ఫకుందో పేరు తగ్గి, వాతావరణం పేరు పెరిగింది. వాళ్ళలో ఒకడు రూపెర్తాని పక్కకి పిలిచి మెల్లగా ఏదో చెప్పడం, రూపెర్తా తల అడ్డంగా ఊపడం లిబ్రాదా కిటికీలోంచి చూసింది. ఆ రోజు ఆవిడకి అన్నం సయించలేదు. బస్సు నడుపుతున్నంతసేపూ, నీకు పట్టదు అని తను అన్న మాటే చెవుల్లో గింగురుమంటూ ఉంది. తమ్ముడితో తన ఆఖరి మాట అదే అయిపోతుందేమో అని భయపడింది.

లిబ్రాదా మొగుడు సెలెదోనియో. గనిలో పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పుడు పొయ్యి దగ్గరి పని తనే చూసుకుంటాడు. గాలింపు వాళ్ళకి రొట్టెలు చేద్దామని ఆ పొద్దున పిండి డబ్బా మూత తీశాడు. పిండిలో ఇత్తడి పళ్ళెం, దానిమీద బాలయేసు, తెల్లగా పిండి పూసుకుని నవ్వుతూ. సెలెదోనియో డబ్బా ఎత్తుకొచ్చి బల్లమీద, పెళ్ళాం ముందు పెట్టాడు.

"బాలయేసు సంగతి నాకు తెలుసు. ఇదేంటే?"

లిబ్రాదా చెప్పింది. కోప్పడతాడనుకుంది. ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, పళ్ళెం మీది పిండి వేలితో తుడుస్తూ, తెలియక అడుగుతున్నట్టే అడిగాడు.

"అంతోనివారి దగ్గర పిల్లాణ్ణి తీసుకున్నా ఆయన కళ్ళు ఆయనకున్నాయి, వెతుక్కుంటాడు. ఈ పాద్రీ దారి చూసేదే దీంతో కదే. ఇది నీ డబ్బాలో ఉంటే ఆయన కొండమీద ఎవణ్ణని వెతుకుతాడు?"

ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు అనుకుంది లిబ్రాదా. గుడ్డివాడి చేతికర్ర లాక్కుని దారి చూపించమన్నట్టు చేసింది. ముందు పెయ్య కోసం పోరి తమ్ముణ్ణి మంచులోకి పంపింది, ఇప్పుడు వాణ్ణి వెతికేవాళ్ళ కళ్ళు కూడా పొడిచేసింది. సెలెదోనియో ఆ మాట వేళాకోళంగా అన్నాడో నిజంగా అన్నాడో ఆవిడ పట్టించుకోలేదు. లేచి పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

అలాగే తీసుకెళ్ళి బిగించేస్తే సరిపోయేది. కానీ చిలుం పట్టి, పిండి మెత్తుకుని ఉన్న సామాన్ని ఏ మొహం పెట్టుకుని ఆయన చేతికిస్తుంది? ఒకరి వస్తువు తెచ్చి వాడుకున్నాక కడిగి ఇవ్వాలని కూడా నాయనమ్మే నేర్పింది. వెనిగరూ ఉప్పూ పొయ్యిలో బూడిదా ముందు పెట్టుకుని బల్ల దగ్గర తోమడం మొదలుపెట్టింది.

తోముతుంటే రూపెర్తా వచ్చింది. వండి పెట్టిన బీన్స్ గిన్నె గాలింపు వాళ్ళ కోసం ఇద్దామని వచ్చి, గిన్నె బల్లమీద పెట్టి వెళ్ళిపోబోతూ ఆగింది. పళ్ళెం చూసింది. ఆడపడుచు వేళ్ళు చూసింది. ఉప్పు తగిలి చీరుకుపోయి ఉన్నాయి అవి.

"ఇదంతా నా వల్లే రూపెర్తా," అంది లిబ్రాదా తలెత్తకుండా. "పెయ్యా నాదే, నోరూ నాదే. దొంగతనం కూడా నేనే చేశాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా పర్లేదు."

రూపెర్తా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకో గుడ్డ అందుకుని, వెనిగర్లో ముంచి, పళ్ళెం రెండో అంచు నుంచి తోమడం మొదలుపెట్టింది. తర్వాత రూపెర్తా ఉన్నట్టుండి ఏడ్చింది. ఏడుస్తూనే తోమింది.

"వెళ్ళే ముందు కొత్త మేజోళ్ళు వేసుకోమన్నాను వదినా. పాతవే వేసుకుని పోయాడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక."

"నా మాట వినకపోయినా బాగుండేది," అంది లిబ్రాదా.

పచ్చదనం పోయి ఇత్తడి బయటపడింది. ఇద్దరూ ఆపలేదు. ఆపితే చెయ్యడానికి ఇంకేమీ లేదు మరి. మొహాలు కనపడేదాకా తోమారు. మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉన్న ఆ పళ్ళెంలో ఇద్దరి మొహాలూ ముక్కులు పెద్దవై, వంకరగా కనిపిస్తే రూపెర్తాకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

మధ్యాహ్నం ముగ్గురూ కలిసి మలుపు దగ్గరికి వెళ్ళారు. సెలెదోనియో నిచ్చెన పట్టుకున్నాడు, రూపెర్తా పళ్ళెం అందించింది, లిబ్రాదా బోల్టు బిగించింది. వాషరు లేక బిగుసుకోలేదు. గాలి తగిలితే పళ్ళెం కొద్దిగా ఊగుతోంది. రేపు ఇంకో వాషరు వెతికి తెస్తానన్నాడు సెలెదోనియో. లిబ్రాదా దిగబోతూ పాద్రీతో, ఈసారి బేరం పెట్టకుండా, తప్పు చేశాను, మీ సామాను మీకిచ్చేశాను, ఇక మీ దయ అంది. గాడిద ముక్కు తాకడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. రూపెర్తా తాకింది.

తిరిగొస్తుంటే కొండ వైపు మబ్బు పలచబడి, పశ్చిమాన ఎండ చారలు దిగుతున్నాయి. ఆశపడితే చెడిపోతుందేమో అన్నట్టు ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే లిబ్రాదా బస్సు తీసింది. ఆకాశం కడిగినట్టుంది. గడ్డిమీద పొడిమంచు. గాలింపు వాళ్ళు హెలికాప్టరు మళ్ళీ వస్తుందని ముందురోజే చెప్పారు. బస్సు సగం నిండింది, వెనక సీట్లో ఎవరో కొట్టుకుంటున్నారు, ఆవిడ అద్దంలోంచి చూసి గదమాయించింది. మలుపు వచ్చింది. అలవాటుగా పాద్రీల వైపు చూసింది.

ముగ్గురున్నారు.

ఇద్దరు నిలబడి ఉన్నారు. మూడో ఆయన దిమ్మ మీద కూర్చుని, గాడిద కాళ్ళకి వీపు ఆనించుకుని ఉన్నాడు. గాడిద పక్కన మరో జంతువు కూడా ఉంది. ఎర్రగా ఉంది. దాని ముక్కులోంచి పొగలు వస్తున్నాయి.

లిబ్రాదా బస్సు ఆపింది. ఎలా ఆపిందో ఆవిడకి గుర్తులేదు, హ్యాండ్ బ్రేకు వేసిన సంగతి మాత్రం తర్వాత పిల్లలు చెప్పారు. దిగి పరిగెత్తింది. ఫకుందో గడ్డం తెల్లబడి, పెదవులు పగిలి, ఒక మోకాలికి చొక్కా చింపి కట్టుకట్టుకుని ఉన్నాడు. చేతిలో పెయ్య మెడకి కట్టిన తాడు ఉంది. అక్కని చూసి లేవబోయాడు, మోకాలు సాయం రాలేదు.

"అక్కా, నీ బస్సులో హీటరు పనిచేస్తోందా?" అన్నాడు.

ఆవిడ వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. వాడు బతికే ఉన్నాడు, వెచ్చగా, కంపు కొడుతూ ఉన్నాడు. బస్సు కిటికీలన్నీ దింపేసి పిల్లలు కేరింతలు కొడుతున్నారు. పిల్లలు తప్ప వేరే మనిషిని స్కూలు బస్సు ఎక్కించకూడదని రూలు. ఆ రూలు సంగతి పైవాళ్ళతో ఆవిడ తర్వాత చూసుకుంది. పెద్ద పిల్లలు నలుగురు వాణ్ణి మోసి ముందు సీట్లో కూర్చోబెట్టారు. పెయ్యని గాడిదకే కట్టేసి వచ్చారు.

పట్నం ఆసుపత్రిలో చూపిస్తే మోకాలు బెణికిందనీ, రెండు కాలివేళ్ళకి మంచు దెబ్బ తగిలిందనీ, అంతకుమించి ఏమీ లేదనీ అన్నారు. ఆదివారానికి ఇంటికొచ్చాడు. లిబ్రాదా వంటింట్లో పొయ్యి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మిరపకాయల కూరా రొట్టెలూ పెడితే మూడు పళ్ళేలు తిని అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. గుర్రం ఐసు మీద జారి తనని పడేసి పారిపోయిందట. కుంటుకుంటూ పాత గొర్రెల కాపరుల గుడిసెలోకి చేరితే, తలుపు లేని ఆ గుడిసెలో ముందే ఒక శాల్తీ పడుకుని ఉందట. ఎర్ర పెయ్య.

"దాని పొట్టకి వీపు ఆనించి పడుకున్నాను. అది లేకపోతే మొదటి రాత్రే బిగుసుకుపోయేవాణ్ణి," అన్నాడు. "ఆకలికి దాన్నే తినేద్దామా అని కూడా అనిపించింది. అక్క చంపేస్తుందని ఊరుకున్నాను."

అందరూ నవ్వారు. లిబ్రాదా నవ్వలేదు, పొయ్యిలో కట్టె సర్దుతూ వింటోంది.

"మబ్బు తేలిపోయాక శిఖరం మీదికి వచ్చాను. రెండు పక్కలా లోయలే. ఎటు మనదో తేల్చుకోలేకపోయాను. ఎడమ వైపుదే మనది అనిపించి దిగడం కూడా మొదలుపెట్టాను."

సెలెదోనియో తింటున్న రొట్టె కింద పెట్టేశాడు. ఎడమ వైపు లోయలో ఊళ్ళు లేవు, దారి లేదు, చలికాలంలో అటు పోయినవాళ్ళు వసంతానికి గానీ దొరకరు.

"అప్పుడే కుడి వైపు, చాలా కింద ఏదో తళుక్కుమంది," అన్నాడు ఫకుందో. "ఆరింది. మళ్ళీ తళుక్కుమంది. ఎవరో అద్దం ఆడిస్తూ పిలుస్తున్నట్టు. ఇంత నిదానంగా పిలిచేవాళ్ళెవరా అనుకుని, అటు గురి పెట్టుకుని పొద్దుగూకేదాకా దిగాను, తెల్లారాక మళ్ళీ దిగాను. దగ్గరికొచ్చి చూస్తే పాద్రీ చేతిలో పళ్ళెం. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, అది ఎన్నడూ మెరవలేదు. దాన్ని ఏం చేశారు?"

రూపెర్తా లేచి మొగుడి దగ్గరికి వెళ్ళి, చెయ్యి తెరిచి వాడి ముక్కు దగ్గర పెట్టింది. అరిచేతి గీతల్లో నలుపు ఇంకా పోలేదు.

"వెనిగరు," అన్నాడు ఫకుందో.

"మీ అక్క చేతులు కూడా చూడు," అంది రూపెర్తా.

లిబ్రాదా పొయ్యి ముందు నుంచి లేవలేదు. గుర్రం ఒంటరిగా వచ్చిన నాటినుంచి ఒక్క కన్నీటి చుక్క రాని మనిషి, ఇప్పుడు చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఫకుందో కంగారుపడి కుర్చీలోంచే చెయ్యి చాపి ఆవిడ భుజం అందుకున్నాడు.

"పెయ్య దొరికిందిగా అక్కా, ఇంకా ఏడుపెందుకు?"

"నోర్ముయ్యి," అంది ఆవిడ, వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఆ సాయంత్రం బాలయేసుని కడిగి అంతోనివారి చేతుల్లో పెట్టింది. సెలెదోనియో తన మాట ప్రకారం ఎక్కడినుంచో కొత్త వాషరు ఒకటి సంపాదించుకొచ్చి, పోయి పళ్ళెం బిగించి వస్తానన్నాడు. లిబ్రాదా వాషరు ఆయన చేతిలోంచి తీసుకుని పిండి డబ్బాలో వేసి మూత పెట్టేసింది. పళ్ళెం అలాగే ఊగనీ అంది.